కోతబండికి బొట్టు పెట్టిన నాడు

క్లాండాల్కిన్‌లో మా ఇంటి హాల్లో, చెప్పుల స్టాండుకు పైన, గోడకు ఒక పొడుగాటి చెక్క తగిలించి ఉంటుంది. దాదాపు నా ఎత్తు ఉంటుంది, వెడల్పు జానెడు కూడా ఉండదు, ఒక అంచు పొడవునా లోతైన గాడి తొలిచి ఉంటుంది. మా ఇంటికి వచ్చే తెలుగువాళ్లు దాన్ని చూసి పడవ తెడ్డా అని అడుగుతారు. ఐరిష్ స్నేహితులు ఏ పాత మగ్గం ముక్కో అనుకుని, బాగుందని చెప్పి ఊరుకుంటారు. అది గుర్రాలు లాగే గడ్డికోత బండికి, కత్తి మీద కట్టే తొడుగు. జూన్ నెలలో మా ఇళ్ల ఎస్టేట్ ముందున్న పచ్చికను కోయడానికి ఒకతను మెషీన్ ఎక్కి వస్తాడు, అరగంటలో పని ముగించి వెళ్లిపోతాడు, ఆ తర్వాత సాయంత్రం దాకా తెరిచిన కిటికీల్లోంచి కోసిన గడ్డి వాసన ఇల్లంతా తిరుగుతుంది. లోకంలో అందరికీ ఇష్టమైన వాసనట అది. నాకు మాత్రం ఆ వాసన తగలగానే రెండు చేతుల వేళ్లూ వాటంతటవే ముడుచుకుంటాయి.

దాచి ఊరించడం నాకు చేతకాదు కాబట్టి అసలు సంగతి ముందే చెప్పేస్తాను. నాకు తొమ్మిదేళ్లప్పుడు, ఏరువాక పున్నమి నాడు, మా పక్క పొలం మార్టిన్ అంకుల్ కుడిచేతి రెండు వేళ్ల కొసలు ఆ కోతబండి కత్తికి తెగిపోయాయి. బండి గేరులో లేకపోతే కత్తి కదలదు. గేరు వేసే ఇనప పిడికి పూలదండ తగిలించింది నేను. తగిలిస్తూ దాన్ని ముందుకు తోశానా, తోయలేదా అన్నది పాతికేళ్లుగా నాకు తేలలేదు. ఒక్కోసారి ఆ పిడి 'టక్'మన్న శబ్దం స్పష్టంగా వినిపిస్తుంది. ఇంకోసారి ఆ శబ్దం ఎప్పుడో తర్వాత నేనే తెచ్చి అక్కడ పెట్టుకున్నానేమో అనిపిస్తుంది. నా జ్ఞాపకాన్ని కోర్టులో సాక్ష్యానికి పిలిస్తే రెండు పక్షాల తరఫునా చెప్పి వస్తుంది.

మేము ఐర్లండ్ పడమటి వైపున్న కాజిల్‌బార్ ఊరికి వచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. నాన్న అక్కడి ఆసుపత్రిలో డాక్టరు. అద్దెకు దొరికిన ఇల్లు ఊరికి ఒక చివర ఉండేది, దాని వెనక నడుమెత్తు రాతి గోడ, గోడ దాటితే మార్టిన్ పొలం. కర్నూలు ఎండల్లో పెరిగిన అమ్మకు అక్కడి వాన అర్థమయ్యేది కాదు, మా వైపు వాన వస్తుంది, కురుస్తుంది, పోతుంది, ఇక్కడ మాత్రం ఇంట్లో చుట్టంలా తిష్ట వేసి ఉంటుంది. చలికాలం మూడున్నరకే దీపాలు పెట్టేవాళ్లం, బట్టలు గది వెచ్చబెట్టే రేడియేటర్ల మీద ఆరేవి, తాలింపు వాసన పట్టిన స్కూలు స్వెట్టరు వేసుకుని నేను బస్సులో కిటికీ పక్కన ముడుచుకుని కూర్చునేదాన్ని. ఎండాకాలం వస్తే దానికి పూర్తిగా తిరగబడేది, రాత్రి పదింటికి కూడా బయట వెలుగు, పక్కింటి పిల్లలతో గోడల మీద కోతుల్లా నడవడం, దాగుడుమూతలు, తాడాట, గోడ సందుల్లోంచి మొలిచిన తెల్లటి డెయిజీ పూలు కోసి గోటితో కాడ చీల్చి ఒకదాంట్లో ఒకటి దూర్చి దండలు చేయడం. అమ్మ మల్లెల్ని నారతో కట్టినంత వేగంగా నేను డెయిజీలు కట్టగలనని అప్పట్లో నాకు మహా గర్వం.

మార్టిన్‌కు అప్పటికి అరవై దాటి ఉంటాయి. పెళ్లి చేసుకోలేదు, చెల్లెలు బ్రీజ్, అతను, ఆ ఇంట్లో ఇద్దరే. కోటుకు గుండీలు ఊడిపోతే నడుముకు పురికొస కట్టుకునేవాడు, టోపీ తీయగా నేనొకసారి కూడా చూడలేదు. నేను అంకుల్ అని పిలిస్తే మొదట తనకు అన్నదమ్ముల పిల్లలెవరూ లేరని సంజాయిషీ ఇచ్చుకున్నాడు, తర్వాత ఆ పిలుపు నచ్చి, నేను మరిచిపోయి ఉత్త మార్టిన్ అంటే పలికేవాడు కాదు. చుట్టుపక్కల అందరూ ట్రాక్టర్లతో గడ్డి కోస్తుంటే అతను మాత్రం డాలీ, నెల్ అనే రెండు ఆడ గుర్రాలతో కోసేవాడు. పొలం కిందివైపు నేల మెత్తన, ట్రాక్టరు దిగబడుతుంది అని అతను చెప్పేవాడు. అదంతా ఉత్తదే, ఒకసారి ట్రాక్టరు నేర్చుకోబోయి గేటును గుద్దాడు, మళ్లీ దాని మొహం చూడలేదు అని బ్రీజ్ చెప్పేది. ఆ ఇంట్లో ఏ విషయానికైనా ఇలా రెండు కథలు ఉండేవి, రెండూ నిజమే అన్నట్టు ఇద్దరూ తల ఊపేవాళ్లు.

ఆ కోతబండి చూడడానికి ఏమంత గొప్పగా ఉండేది కాదు. రెండు ఇనప చక్రాలు, మధ్యలో చిల్లులున్న ఇనప కుర్చీ, ముందుకు సాగిన నొగకు అటొకటి ఇటొకటి గుర్రాలు, కుడిపక్కన నేల మీదికి వాలే అయిదడుగుల దండం, దానికి వరసగా ఇనప వేళ్లు, ఆ వేళ్ల మధ్యలో అటూ ఇటూ ఆడే పళ్ల కత్తి. చక్రం తిరిగితే కత్తి ఆడుతుంది, గుర్రం ఒక్క అడుగు వేసినా చాలు. అందుకే మార్టిన్‌కు ఆ బండి దగ్గర ఉన్నంత మడి మా నాయనమ్మకు వంటింట్లో కూడా ఉండేది కాదు. కోతకు ముందు రోజు కర్ర పట్టుకుని పొలమంతా అడుగడుగూ నడిచేవాడు, రాయి కనపడితే తీసేవాడు, తీయలేనంత పెద్దదైతే పక్కన విల్లో చెట్టు బెత్తం పాతి గుడ్డపీలిక కట్టేవాడు, పక్షి గూడు కనపడితే దాని చుట్టూ కూడా అలాగే పాతేవాడు. జోరీగలు కుడితే గుర్రాలు బెదురుతాయని వాటి నుదుటి పట్టీల్లో ఎల్డర్ చెట్టు రెమ్మలు దోపేవాడు. పగ్గాలు చేత్తో పట్టుకోవాలే గానీ చేతికి చుట్టుకోకూడదు, చుట్టుకున్నావంటే గుర్రంతో పాటు నువ్వూ పోతావు అనేవాడు. దారిలో ఉన్నంతసేపూ దండం పైకి ఎత్తి, కత్తి మీద ఈ చెక్క తొడిగి, మూడు చోట్ల పురికొసతో కట్టి ఉండాలి, పొలం గేటు దాటాకే విప్పాలి. కుర్చీ దిగే ముందు పిడిని వెనక్కి లాగి 'అవుట్ ఆఫ్ గేర్' అని పైకి అనాలి, తనొక్కడే ఉన్నా సరే అనేవాడు. అన్నిటికన్నా పెద్ద నియమం, గుర్రాల తలల దగ్గర మనిషి లేకుండా కత్తికి ఎదురుగా ఎవరూ నిలబడకూడదు, గుర్రాలు నిద్రపోతున్నా సరే. నేను గోడ మీద కూర్చుని ఇవన్నీ ఎక్కాల్లా అప్పజెప్పేదాన్ని, ఒకటి తప్పినా మళ్లీ మొదటినుంచి చెప్పించేవాడు.

బ్రీజ్ వంటింట్లో ఎప్పుడూ పొయ్యి వెలుగుతూ ఉండేది. పాలు విరిగేంత చిక్కటి టీ, వేడి బ్రౌన్ బ్రెడ్ మీద కరిగే వెన్న, దాని మీద గూస్‌బెర్రీ జామ్, నాకు అవే పండగ పిండివంటలు. అమ్మకు ఇంగ్లిష్ రాదు, బ్రీజ్ మాట్లాడే ఇంగ్లిష్ ఏ కొలతకూ అందదు, అయినా ఇద్దరూ గోడ దగ్గర నిలబడి గంటలు గడిపేవాళ్లు. అమ్మ మిరపకాయ బజ్జీలు ఇస్తే బ్రీజ్ కళ్లనీళ్లు తుడుచుకుంటూ 'గ్రాండ్, గ్రాండ్' అనేది. మధ్యలో దుబాసీని నేను. అమ్మ చెప్పినదాన్లో సగం, నాకు తోచింది సగం కలిపి చెప్పేదాన్ని, ఆ అలవాటు తర్వాత ఎంత దూరం వెళ్తుందో తెలియలేదు.

మేము వచ్చిన రెండో జూన్‌లో వరసగా నాలుగు రోజులు ఎండ కాసింది. ఊరు ఊరంతా మెడలు పైకెత్తి ఆకాశం చూసే రోజులవి, రేడియోలో వాతావరణం చెప్పేటప్పుడు బ్రీజ్ గుళ్లో ఉన్నట్టు నిలబడేది. అయిదో రోజు పొద్దున కోత అని మార్టిన్ చెప్పాడు. ఆ మాట నేను ఇంటికి మోసుకొచ్చేసరికి అమ్మ తాతయ్య పోస్టులో పంపిన తెలుగు క్యాలెండరు ముందు నిలబడి ఉంది. అయిదో రోజు ఏరువాక పున్నమి.

అమ్మ పుట్టిల్లు ఆదోని దగ్గర. ఏరువాక అంటే వాళ్లకు ఉగాది కన్నా పెద్ద పండగ, ఎద్దులకు నీళ్లు పోసి, కొమ్ములకు రంగులు వేసి, మెడకు కొత్త గంటలు కట్టి, నాగలికి పసుపు కుంకుమ పెట్టి, భక్ష్యాలు నైవేద్యం పెట్టి, సాయంత్రం ఎద్దుల్ని ఊరేగించి గానీ పొలంలో సాలు మొదలుపెట్టరు. పెళ్లయ్యాక అమ్మ ఊళ్లు మారింది, దేశం మారింది, పదేళ్లుగా ఏరువాక అన్నది క్యాలెండరులో చిన్న అక్షరాల మాట అయిపోయింది. ఆ రోజు ఆమె మొహం చూసి నాకు కొంచెం భయం వేసింది. గోడ అవతల రెండు పశువులు, ఒక ఇనప పనిముట్టు, పున్నమి నాడే మొదటి కోత. ఇక ఆమెను ఆపడం దేవుడి వల్ల కూడా కాదని నాకు అర్థమైంది. నాన్న 'వాళ్ల పద్ధతులు వాళ్లకుంటాయి, మనమెందుకు' అని గొణిగాడు గానీ పున్నమి ఆదివారం పడింది కాబట్టి పేపరు చదువుకోవాలన్న ఆశ కొద్దీ అంతటితో ఊరుకున్నాడు.

గోడ దగ్గరికి వెళ్లి మార్టిన్‌ను అడిగింది నేనే. పశువులకూ పనిముట్టుకూ దండం పెట్టుకుని పని మొదలుపెడతాం మేము అన్నాను. అతను, తన తల్లి కూడా కోతకు ముందు బండి మీద చర్చి నుంచి తెచ్చిన పవిత్ర జలం చల్లేదని, ఆమె పోయాక ఎవరూ ఏమీ చేయలేదని, రమ్మని చెప్పాడు.

ఆ పొద్దున అమ్మ పట్టుచీర మీద రెయిన్ జాకెట్ వేసుకుని, పళ్లెంలో పసుపు, కుంకుమ, అగరొత్తులు, నాలుగు భక్ష్యాలు, సూపర్‌మార్కెట్‌లో దొరికిన టెంకాయ పెట్టుకుని వాళ్ల వాకిట్లోకి నడిచింది. ఆ టెంకాయకు పిలక లేదు, నున్నగా గొరిగి అమ్మారు, దాని గురించి దారి పొడవునా ఆమె బాధపడుతూనే ఉంది. నేను ఎర్ర పరికిణీలో, చేతిలో మూరెడు డెయిజీల దండతో వెనకాల నడిచాను. గుర్రాలను అప్పటికే బండికి కట్టారు. బ్రీజ్ వాటి తలల దగ్గర కళ్లేలు పట్టుకుని నిలబడింది. డాలీ నుదుటి మీద అమ్మ బొట్టు పెడితే అది ఆమె జాకెట్ జేబు వాసన చూసింది. నెల్ పెట్టనివ్వలేదు, మెడ తిప్పేసుకుంది, చివరకు దాని భుజం మీద పెట్టాం. తర్వాత అమ్మ బండి దగ్గరికి వచ్చింది, దండం పైకి ఎత్తి ఉంది, కత్తి మీద ఈ చెక్క కట్టి ఉంది.

"ఇనుముకు పెట్టాల బొట్టు, కట్టెకు పెడితే ఏమొస్తాది? ఆ చెక్క తీయమని అడుగు పాపా," అంది అమ్మ.

అడుగు అని ఆమె అంది. తీసి తీరాలట అని నేను చెప్పాను. మార్టిన్ చెల్లెలి వైపు చూశాడు, గుర్రాల వైపు చూశాడు. గేటు దాటకుండా ఆ చెక్క విప్పడం అతను చేసి ఎరగడు. అయినా మర్యాదకు లొంగే మనిషి, పురికొస విప్పి, చెక్క తీసి కింద పెట్టి, అమ్మకు అందేలా దండాన్ని నేల మీదికి దించాడు. అమ్మ ఒక్కో ఇనప వేలికీ ఒక్కో బొట్టు పెట్టుకుంటూ వంగి నడిచింది. నేను చక్రం మీదికెక్కి, అందిన వాటిల్లో ఎత్తుగా ఉన్న గేరు పిడికి నా దండ తగిలించాను.

ఇక్కడి నుంచి నాకు అంతా కలగాపులగం. దండ ఇరుకుగా ఉండి, నేను దాన్ని లాగి దూర్చాను, అది నిజం. పిడి కదిలిందా? కదిలినట్టే ఉంటుంది. దిగి వచ్చి అమ్మ పక్కన నిలబడ్డాను, అది కూడా నిజమే అనుకుంటాను. ఫొటో తీద్దామని బ్రీజ్ కెమెరా కోసం ఇంట్లోకి వెళ్లింది. మార్టిన్ చెక్కను మళ్లీ కట్టడానికి కత్తి ముందు వంగాడు. అమ్మ వాకిట్లోని రాతి మీద టెంకాయ కొట్టింది, పిలక లేని ఆ టెంకాయ తుపాకీ పేలినట్టు పగిలింది. గుర్రం ఒక్క అడుగు వేసింది. ఆ తర్వాత నాకు గుర్తున్నది తెల్ల డెయిజీల మీద ఎర్రటి కుంకుమ, గోడ దూకి పరిగెత్తుకొస్తున్న నాన్న, అతని చేతిలో ఇంకా వదలని పేపరు.

నాన్న ఆ చేతిని పైకెత్తి పట్టుకోమని చెప్పి, శుభ్రమైన గుడ్డతో చుట్టి, తెగిన కొసల్ని తడిగుడ్డలో మూటగట్టి, మా ఫ్రీజర్లోని బఠాణీల సంచిలో పెట్టి, కారులో అతన్ని తీసుకెళ్లాడు. అమ్మ పగిలిన టెంకాయ చిప్పలు రెండు చేతుల్లో పట్టుకుని ఆ వాకిట్లోనే కూర్చుండిపోయింది. తెగిన వేళ్ల కొసలు అతకడానికి వీలు పడలేదని సాయంత్రం నాన్న చెప్పాడు. భక్ష్యాలు ఎవరూ తినలేదు.

ఆ తర్వాత మా ఇంట్లో ఆ విషయం ఎత్తితే అమ్మ వంటింట్లోకి వెళ్లిపోయేది, కాబట్టి ఎవరూ ఎత్తలేదు. గడ్డి మాత్రం ఆగదు కదా, ఆ వారమే ఎవరో ట్రాక్టరు తెచ్చి ఒక మధ్యాహ్నంలో పొలమంతా కోసి, నల్ల ప్లాస్టిక్ చుట్టిన మూటలు చేసి పడేశారు. మార్టిన్ మళ్లీ ఆ బండి ఎక్కలేదు. ఎక్కలేకపోయాడో, ఎక్కకూడదనుకున్నాడో నాకు తెలియదు. పగ్గాలు పట్టుకోవడానికి చూపుడు వేలు ముఖ్యం అని నాకు తెలుసు, ఎందుకంటే అది కూడా అతని ఎక్కాల్లో ఒకటి. పట్టీ కట్టిన చేత్తో ఒకరోజు గోడ దగ్గరికి వచ్చి, నాతో ఒంటరిగా, జోరీగ కుట్టింది, నా కళ్లతో చూశాను, డాలీ పొట్ట కింద కుట్టింది, అంతే అన్నాడు. నేను దండ గురించి చెబుదామని నోరు తెరిచాను. స్కూలు ఎలా ఉందని అడిగాడు. నేను నోరు మూసుకున్నాను, ఆ పిరికితనానికి ఇప్పటికీ సిగ్గుపడతాను. మరుసటి ఏడు నాన్నకు వాటర్‌ఫోర్డ్‌లో ఉద్యోగం వచ్చి మేము వెళ్లిపోయాం.

రెండేళ్ల కిందట మార్టిన్ పోయాడని బ్రీజ్ ఉత్తరం రాసింది. వాటర్‌ఫోర్డ్‌లో అమ్మానాన్నల భోజనాల బల్ల దగ్గర ఆ ఉత్తరం చదువుతూ, పాపం, ఆ జోరీగ కుట్టకపోయి ఉంటే అన్నాను. ఏ జోరీగ అంది అమ్మ. అప్పుడు బయటపడింది. అమ్మ ఆసుపత్రికి చూడడానికి వెళ్లినప్పుడు మార్టిన్ ఆమెతో, బండిని ముందు రోజు తానే గేరులో వదిలేశానని, టెంకాయ శబ్దానికి తన గుర్రాలు బెదిరేవి కావని చెప్పాడట, నాన్న దాన్ని తెలుగులో చెప్పాడట. నాన్నతో విడిగా, నిలబడకూడని చోట నిలబడ్డాను, తప్పంతా నాది, ఇంట్లో ఇంకేమీ చెప్పకు అన్నాడట. పాతికేళ్లు ముగ్గురం మూడు కారణాలు దాచుకుని, ఎవరి కారణం వాళ్లు నమ్మినట్టు నటిస్తూ, లోపల మాత్రం మన వల్లే అనుకుంటూ బతికాం. ఆ రోజు నేను మొదటిసారి దండ సంగతి చెప్పాను. కుంకుమ పెట్టిన ఆ డెయిజీల దండ గుర్తుందా అని అడిగాను.

"దండకు ఎవురన్నా కుంకుమ పెడతారా? నేను పెట్టలే. నీ దండ యాడ ఉండెనో కూడా నాకు తెలీదు," అంది అమ్మ.

నా జ్ఞాపకంలో అంత గట్టిగా ఉన్న ముక్క అదొక్కటే. అదీ పోయిందనుకున్నాను.

కిందటి జూన్‌లో ఒక్కదాన్నే కారేసుకుని కాజిల్‌బార్ వెళ్లాను. మేమున్న ఇల్లు ఉంది, మా వెనక గోడ లేదు, పొలంలో పైభాగమంతా ఒకేలాంటి ఇళ్లు లేచాయి, కిందిభాగంలో నిజంగానే నేల మెత్తనేమో, రెల్లు పెరిగి ఉంది. కోతబండి బ్రీజ్ గేటు పక్కన ఉంది, ఆకుపచ్చ రంగు వేసి, కుర్చీలో పూలకుండీ పెట్టారు. కారు దిగి ముందు దాని దగ్గరికే వెళ్లాను. తొమ్మిదేళ్ల పిల్ల చేత్తో కదిలే బరువా కాదా చూద్దామని ఆ గేరు పిడిని పట్టుకుని తోశాను. రెండు చేతులతో, ఒంటి బరువంతా వేసి తోశాను. తుప్పు పట్టి, మీద రంగు కూడా పూసేయడంతో అది ఇంచు కూడా కదల్లేదు. ఆ ఒక్క ప్రశ్నకు ఈ ప్రపంచంలో సాక్షి ఆ పిడి, అది కూడా నోరు విప్పలేదు.

బ్రీజ్‌కు ఎనభై దాటాయి. నన్ను రెండుసార్లు అమ్మ పేరుతో పిలిచింది, టీలో పంచదార వేశానా అని మూడుసార్లు అడిగింది. అడుగు వేసింది నెల్ అని ఆమె అంటుంది, డాలీ అని నేను. గుర్రాల తలలు వదిలి కెమెరా కోసం వెళ్లింది తానేనని, నువ్వక్కడ ఉన్నా గుర్రం ఆగేది కాదని మార్టిన్ తనకు చచ్చేదాకా చెబుతూనే ఉన్నాడని అంది. అంటే మాకు తెలియని నాలుగో కారణం కూడా ఉందన్నమాట. నేను దండ గురించీ, పిడి గురించీ చెప్పి, అది గేరులో ఉందో లేదో ఆమెకేమైనా తెలుసా అని అడిగాను. ఇంత దూరం వచ్చింది అందుకే. ఆమె టీ కప్పు కింద పెట్టింది.

"అదెవరికి తెలుస్తుంది బంగారం? నేను గుమ్మంలోకి వచ్చేసరికి నువ్వు కత్తికి ఎదురుగా గొంతుక్కూర్చుని ఉన్నావు, ఆ ఎర్రపొడి డబ్బా కింద పడితే ఏరుతున్నావు. అన్న ఎడం చెయ్యి నీ భుజం మీద ఉంది, వెనక్కి నెడుతోంది. కోసుకుపోయిన చేత్తోనే పైకి అందుకుని ముందు పిడి లాగేశాడు, 'అవుట్ ఆఫ్ గేర్' అని కూడా అన్నాడు. అప్పుడు గానీ చెయ్యి వంక చూసుకోలేదు."

నేను అమ్మ పక్కన నిలబడి ఉన్నానని చెప్పాను. లేదంది. మతిమరుపు మనిషి మాట ఎంతవరకు నమ్మాలో తెలియక, టీ తాగి లేచాను. వెళ్లేటప్పుడు ఆమె వంటింటి అల్మారా వెనక నుంచి ఈ చెక్క తీసి, నీకివ్వమన్నాడు అంది. ఎందుకని అడిగితే, నీకు నియమాలన్నీ వచ్చు కదా అంది.

తిరుగు దారిలో సగం దూరం వచ్చాక, పెట్రోలు బంకులో కారు ఆపి ఉండగా, నాకు తట్టింది. దండకు కుంకుమ ఎవరూ పెట్టలేదు. పిడికి ఉన్న దండ మీద నేను చూసిన ఎరుపు అతని చేతి నెత్తురు. ఆ చెయ్యి పిడిని తాకకుండా ఆ ఎరుపు అక్కడికి రాదు. గుర్రం పేరు తప్పు చెప్పినా బ్రీజ్ ఆ ఒక్కటి నిజం చెప్పింది, అది నిజమైతే మిగతాదీ, కత్తి ముందు నుంచి నన్ను వెనక్కి నెట్టిన ఆ చెయ్యి కూడా, నిజమే. ఇన్నేళ్లూ పిడిని తోశానా లేదా అని తల బద్దలు కొట్టుకున్నాను గానీ, ఆ క్షణంలో నేనెక్కడున్నానన్నది ఒక్కసారి కూడా అనుమానించలేదు. బంకులో వెనక కారువాళ్లు హారన్ కొట్టేదాకా స్టీరింగ్ మీద చేతులు పెట్టుకుని ఏడ్చాను. ఏడ్చాక కూడా తోశానో లేదో తేలలేదు.

ఈ ఏడు ఏరువాకకు అమ్మ వాటర్‌ఫోర్డ్ నుంచి మా ఇంటికి వచ్చింది. పాతికేళ్ల తర్వాత మొదటిసారి భక్ష్యాలు చేసింది. పెనం మీద నెయ్యి వాసన, కిటికీలోంచి ఎస్టేట్ గడ్డి వాసన, రెండూ కలిసి వస్తుంటే నేను బ్రీజ్ చెప్పిందంతా ఆమెకు చెప్పాను, ఫోన్లో చెప్పలేక ఏడాది ఆగాను. అమ్మ పెనం మీది భక్ష్యం తీసింది. పొయ్యి ఆపి, చేతులు కడుక్కుని, పసుపు కుంకుమల గిన్నె తీసుకుని హాల్లోకి వచ్చింది. తొమ్మిదేళ్ల నా కూతురు ఆ చెక్క ముందే నిలబడి, వాట్స్ నానీ డూయింగ్, మమ్, అమ్మమ్మ ఏం చేస్తోందని నన్ను అడుగుతోంది. గుర్రాలు లేవు, కత్తి లేదు, చెప్పుల స్టాండు తప్ప అక్కడ ఏమీ లేదు. అయినా అమ్మ ముందుగా పిల్ల భుజం పట్టుకుని పక్కకు జరిపి, తన వెనక నిలబెట్టుకుని, అప్పుడు ఆ కట్టెకు బొట్టు పెట్టింది.